రేకుల షెడ్డుకు ఎల్‌ఈడీ లైట్లు: ముందు లైను, తర్వాత లైటు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు లేత్ షాపులు, వెల్డింగ్ షెడ్లు, వడ్రంగి షాపుల వాళ్లు అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే: "ఎన్ని వాట్ల లైటు కొనాలి?" దానికన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. పని జరిగే చోట ఎంత వెలుతురు కావాలి? మన లైను ఆ లైటును ఎన్నాళ్లు బతకనిస్తుంది? ఏడాది తిరక్కుండా ఎల్‌ఈడీలు పోయే షెడ్లలో తప్పు చాలాసార్లు లైటుది కాదు. వదులైన న్యూట్రల్‌ది, రేకు వేడిది, వెల్డింగ్ ఎర్త్‌ది. అందుకే ఇక్కడ కొనడం నాలుగో మెట్టుగా వస్తుంది.

లెక్కలన్నీ ఒక మామూలు షెడ్డుకు చేశాం: 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, గోడ ఎత్తు 14 అడుగులు, రేకు పైకప్పు. లోపల ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, బెంచీ, ఒక మూల వెల్డింగ్. మీ కొలతలు వేరైతే అంకెలు మార్చుకోండి. వరస మాత్రం మార్చకండి.

1. ఉన్నదాన్ని రాసుకోండి

ఒక కాగితం మీద షెడ్డు గీసి, ఏ మిషన్ ఎక్కడుందో, ఏ లైటు ఎక్కడుందో గుర్తు పెట్టండి. పాత లైట్ల అసలు వాడకం కూడా పక్కనే రాయండి. 40 వాట్ల ట్యూబు రాగి చోక్‌తో కలిపి 50 నుంచి 55 వాట్లు లాగుతుంది. 250 వాట్ల మెటల్ హాలైడ్ చోక్‌తో కలిపి దాదాపు 280.

మన నమూనా షెడ్డులో 12 పాత ట్యూబులున్నాయనుకోండి. ఒక్కోటి 52 చొప్పున 624 వాట్లు. వాటి చోట 22 వాట్ల ఎల్‌ఈడీలు 12 పెడితే 264. మిగిలేది 360 వాట్లు. రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు వెలిగితే 1,080 యూనిట్లు. దాన్ని మీ టీపీఎస్‌ఓడీఎల్ (ఇక్కడి కరెంటు కంపెనీ) బిల్లులో ఉన్న యూనిట్ ధరతో గుణించండి. వచ్చిన అంకే మీరు పెట్టబోయే ఖర్చుకు కొలబద్ద. రోజుకు రెండు గంటలే లైట్లు వేసే షెడ్డుకు ఈ లెక్క అంత ఊరించేలా ఉండదు. అక్కడ మిషన్ల దగ్గర మాత్రం మార్చి, మిగతావి పోయినప్పుడల్లా మార్చుకోవడం తెలివైన పని.

2. లైను పరీక్ష: దీన్ని దాటవేస్తే మిగతాదంతా దండగ

మల్టీమీటర్ కావాలి. టెస్టర్‌తో కుదరదు.

- ఫేజు–న్యూట్రల్ వోల్టేజి మూడు వేళల్లో కొలవండి: పొద్దున షాపు తెరిచినప్పుడు, రాత్రి ఏడింటికి, పదకొండింటికి. ఊళ్లో మిల్లులు, మోటార్లు ఆగాక వోల్టేజి పైకి లేస్తుంది. రాత్రంతా కాపలాకు వదిలే లైటు మిగతావాటికంటే ముందు పోవడానికి ఇదొక కారణం.
- మూడు ఫేజుల కనెక్షన్ అయితే మూడింటినీ న్యూట్రల్‌తో విడివిడిగా కొలవండి. ఇప్పుడు ఒక ఫేజు మీద మాత్రమే పెద్ద లోడు వేసి మళ్లీ కొలవండి. ఆ ఫేజు 190కి పడిపోయి, మరో ఫేజు 260కి ఎగిరిందంటే న్యూట్రల్ వదులుగా ఉంది.
- న్యూట్రల్–ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించి కనిపిస్తే వదులైన కీళ్లు (తీగలు కలిసే చోట్లు) వెతకాలి.

న్యూట్రల్ పూర్తిగా తెగితే లోడు తక్కువున్న ఫేజు మీది లైట్లకు 230 బదులు 400 దగ్గరికి వస్తుంది. ఒక్క సాయంత్రం డజను డ్రైవర్లు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే లోపలి సర్క్యూట్లు) కాలిపోవడం వెనుక ఉండేది సాధారణంగా ఇదే. మీటరు తర్వాత మీ బోర్డులో ఉన్న న్యూట్రల్ కీళ్లన్నీ విప్పి, శుభ్రం చేసి, బిగించాలి. అల్యూమినియం తీగను రాగి తీగతో చుట్టి టేపు వేసిన కీలు కనిపిస్తే కోసేసి, రెండు లోహాలకూ పనికొచ్చే లగ్గు వేయాలి. స్తంభం వైపు లోపముంటే ఫిర్యాదు రాసి పెట్టండి. స్తంభం మీద చెయ్యి వేయడం మీ పని కాదు, మీ మిస్త్రీ పనీ కాదు.

వెల్డింగ్ షెడ్లలో ఇంకో దొంగ ఉంటాడు. వెల్డింగ్ రిటర్న్ క్లాంపును పని ముక్కకు కాకుండా షెడ్డు ఇనుప స్తంభానికి తగిలించడం చాలాచోట్ల అలవాటు. ఆ కరెంటు స్తంభం, ట్రస్సు (కప్పును మోసే ఇనుప చట్రం), లైటు బాడీ, ఎర్త్ తీగల్లో దారి వెతుక్కుంటుంది. సన్నటి ఎర్త్ తీగ కాలిపోతుంది, డ్రైవరు దెబ్బతింటుంది. క్లాంపు పని ముక్క మీదే, వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా ఉండాలి. ఇది మాన్పించకుండా కొత్త లైట్లు బిగించకండి.

ఎర్త్ గొయ్యి నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉండేలా చూసుకోండి. వేసవి ఉరుములు, పిడుగుల కాలం ఇక్కడ వానాకాలానికి ముందే మొదలవుతుంది. మెయిన్ బోర్డులో టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ (లైనులో ఒక్కసారిగా ఎగిసే వోల్టేజిని ఎర్త్‌కు మళ్లించేది) పెడితే మంచిది. దాని తీగలు అడుగున్నర దాటకూడదు. మూడడుగుల తీగ చుట్టలు చుట్టి పెడితే పిడుగు దెబ్బ దాన్ని దాటి లైట్లకే వెళ్తుంది. ఎర్త్ సరిగా లేని చోట అది పెట్టి ప్రయోజనం లేదు.

3. వెలుతురు లెక్క

వెలుతురును లక్స్‌లో కొలుస్తాం, లైటు ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో. మోటు పనికి, నడవడానికి, సామాను పెట్టే చోటికి 200 లక్స్ చాలు. బెంచీ, డ్రిల్లింగ్, మామూలు లేత్ పనికి 300 నుంచి 500. వెర్నియర్ గీతలు చదివే చోట, సన్నపని చేసే చోట 500 నుంచి 750.

షెడ్డు మొత్తాన్నీ 500 లక్స్‌కు నింపాలనుకోవడం డబ్బు వృథా. అంతటా 200 పెట్టి, మిషన్ల దగ్గర విడి లైటు వేయండి.

600 చదరపు అడుగులు అంటే 56 చదరపు మీటర్లు. 200 లక్స్ కావాలంటే 200 × 56 = 11,200 ల్యూమెన్లు పని ఎత్తులో పడాలి. లైటు నుంచి బయలుదేరిందంతా అక్కడ పడదు. గోడలు, కప్పు కొంత మింగుతాయి. దానికి గుణకం 0.6. దుమ్ము, వయసు కొంత తింటాయి. దానికి 0.75. రెండూ గుణిస్తే 0.45. 11,200ను 0.45తో భాగిస్తే సుమారు 24,900. వాటుకు 100 ల్యూమెన్లిచ్చే 22 వాట్ల నాలుగడుగుల లైటు 2,200 ఇస్తుంది. అంటే 11.3, మనకు 12 లైట్లు.

ఆ 0.6 గోడలు తెల్లగా ఉన్నప్పటి మాట. మసిబారిన గోడలైతే అది 0.45 దాకా పడిపోతుంది, లైట్లు 12 కాస్తా 16 అవుతాయి. నాలుగు లైట్లు కొనే బదులు రెండు బస్తాల సున్నం కొనండి. పైకప్పులో రెండు మూడు చోట్ల పారదర్శక రేకు వేయిస్తే పగలు సగం లైట్లు ఆపుకోవచ్చు.

4. ఏది కొనాలి

మొదటి నిర్ణయం: పాత పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబు వేయాలా, కొత్త ఫిట్టింగే పెట్టాలా? వర్క్‌షాపుకు కొత్త ఫిట్టింగే మా సలహా. పదేళ్ల నాటి హోల్డర్లు పెళుసుబారి ఉంటాయి. మిషన్ అదురుకు ట్యూబు వదులై, కొసన మాడుతుంది. డబ్బు కుదరక ట్యూబులే వేస్తే చోక్, స్టార్టర్, కెపాసిటర్ మూడూ తీసేయాలి. కొన్ని ట్యూబులకు ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే కొసన వస్తాయి, కొన్నింటికి చెరో కొసన. డబ్బా మీద బొమ్మ చూడకుండా కలిపితే షార్ట్ అవుతుంది. రెండో రకంలో ఒక కొస దూర్చినప్పుడు రెండో కొస పిన్నులు కరెంటుతో ఉండొచ్చు. కాబట్టి మెయిన్ ఆపకుండా తొడగకూడదు.

పైకప్పు 20 అడుగులు దాటితే హైబే లైట్లు (ఎత్తు నుంచి కిందికి వెలుగు గుమ్మరించే పెద్ద గుండ్రటి లైట్లు). అంతకు తక్కువైతే నాలుగడుగుల బారు లైట్లే మేలు. తక్కువ ఎత్తులో హైబే పెడితే కింద ఒక మచ్చ కళ్లు చెదిరేలా వెలుగుతుంది, పక్కన నీడ మిగులుతుంది.

కొనేటప్పుడు డబ్బా మీద చూడాల్సినవి:

- ఇన్‌పుట్ వోల్టేజి: 140 నుంచి 300 దాకా పనిచేసేది. "220–240" అని మాత్రమే ఉంటే వద్దు.
- 440 వోల్టుల రక్షణ, కనీసం 4 కిలోవోల్టుల సర్జ్ రక్షణ.
- పవర్ ఫ్యాక్టర్ 0.9 పైన.
- దుమ్ము, నీరు చొరకుండా ఆపే రక్షణ స్థాయి ఐపీ65. ఐపీ20 లైట్లలో రంపపు పొట్టు, గ్రైండింగ్ దుమ్ము, వానాకాలపు పురుగులు ఒక్క సీజన్‌లోనే నిండిపోతాయి.
- పరిసర ఉష్ణోగ్రత పరిమితి 50 డిగ్రీలు. డ్రైవరు లోపలి కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు సుమారు సగమవుతుంది. మే నెలలో రేకు కింద వేడి మీకు చెప్పక్కర్లేదు.
- రంగు నాణ్యత సూచిక (సీఆర్‌ఐ: వస్తువుల రంగు ఎంత నిజంగా కనిపిస్తుందో చెప్పే అంకె) 80 పైన. పెయింటు రంగు సరిచూసే చోట 90.
- ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు.

వెలుగు రంగు 5000 నుంచి 6500 కెల్విన్ మధ్య ఏదైనా ఫర్వాలేదు. కానీ షెడ్డంతా ఒకటే ఉండాలి.

చాలామంది పార్వతీపురం, విజయనగరం, బరంపురం వెళ్లి కొంటారు. వారంటీకి మళ్లీ అక్కడికే వెళ్లాలి, దాన్ని లెక్కలో వేసుకోండి. జీఎస్టీ నంబరుంటే బిల్లులో వేయించండి. అదే మోడల్ లైట్లు రెండు అదనంగా కొని పెట్టుకోవాలి. రెండేళ్ల తర్వాత ఆ మోడల్ దొరక్కపోవచ్చు.

స్ప్రే పెయింటింగ్ గది ఉంటే ఒక్క మాట: థిన్నర్ ఆవిరి ఉన్న గదిలో మామూలు లైటు, ఐపీ65 అయినా సరే, పెట్టకూడదు. లోపలి నిప్పు బయటి ఆవిరికి అంటుకోనివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ ఫిట్టింగే కావాలి. లేదా లైటును గది బయట పెట్టి, అద్దం గుండా వెలుగు పంపాలి.

5. సామాను జాబితా

మన 20 × 30 షెడ్డుకు:

- 22 వాట్ల ఐపీ65 నాలుగడుగుల లైట్లు: 12, అదనంగా 2
- లేత్‌కు, డ్రిల్లింగ్‌కు వంగే చేతి లైట్లు, 24 వోల్టులవి: 2. వాటికి 24 వోల్టులకు దించే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్
- 1.5 చదరపు మి.మీ. రాగి తీగ, 90 మీటర్ల కాయిల్: ఫేజుకు, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు ఒక్కోటి. ఎర్త్‌కు ఆకుపచ్చ రంగే
- 25 మి.మీ. పీవీసీ పైపు, 3 మీటర్ల పొడవువి: 20
- జంక్షన్ బాక్సులు: 14, గ్లాండ్లతో (తీగ దూరే చోట బిగించే మూతలు)
- 6 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించినా, షార్ట్ అయినా పడిపోయే స్విచ్చు), సీ రకం, డబుల్ పోల్: 3
- 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు కారితే లైను ఆపే స్విచ్చు): 1. మూడు ఫేజులైతే నాలుగు పోల్‌ది
- టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్: 1
- జీఐ గొలుసు: 25 మీటర్లు, ఎస్ హుక్కులు, పర్లిన్ (రేకును మోసే అడ్డ కడ్డీ) క్లాంపులు 24

ఎంసీబీ బీ రకం తీసుకోవద్దు. ఎల్‌ఈడీ డ్రైవరు వేసిన క్షణంలో ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది. నాలుగైదు కలిసి వేస్తే బీ రకం అకారణంగా పడిపోయే అవకాశం ఉంది.

6. ఎక్కడ వేలాడదీయాలి

మూడు వరసలు, వరసకు నాలుగు. వెడల్పులో వరసల మధ్య 6 అడుగుల 8 అంగుళాలు, గోడకు మొదటి వరస 3 అడుగుల 4 అంగుళాలు. పొడవులో లైటు నుంచి లైటుకు మధ్యనుంచి మధ్యకు 7 అడుగుల 6 అంగుళాలు.

ఎత్తు నేల నుంచి 11 అడుగులు. పని బల్ల ఎత్తు తీసేస్తే మిగిలేది సుమారు 8 అడుగులు. లైట్ల మధ్య దూరం దానికి ఒకటింబావు రెట్లు దాటకూడదు. మనది అంతకు లోపే ఉంది. రేకుకు అంటించి బిగించకండి. కనీసం అడుగు కిందికి వదిలితే డ్రైవరుకు గాలి ఆడుతుంది.

వరసల స్థానం మిషన్‌ను బట్టి ఒక అడుగు అటూ ఇటూ జరపండి. లేత్ మీద పనివాడు నిలబడితే లైటు అతని వెనక కాదు, ముందో పక్కనో ఉండాలి. లేకపోతే అతని తల నీడ సరిగ్గా టూలు మీద పడుతుంది. రంపం మిషన్‌కు బారు లైటు బ్లేడుకు అడ్డంగా ఉంటే గీత మీద నీడ తగ్గుతుంది.

మెరుపు భ్రమ గురించి ఇక్కడే చెప్పాలి. మన కరెంటు 50 సైకిళ్లది. నాసి డ్రైవరున్న ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు వెలిగి మసకబారుతుంది. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే నాలుగు దవడల చక్ సెకనుకు 25 చుట్లు. 25 × 4 = 100. ఆ వెలుగులో తిరుగుతున్న చక్ ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది, పనివాడు చెయ్యి పెడతాడు. కొనేముందు ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి లైటును చూడండి. వెలుగు కొట్టుకుంటుంటే, నల్ల గీతలు పాకుతుంటే ఆ లైటు లేత్ దరిదాపుల్లో వద్దు. మూడు ఫేజుల షెడ్డులో వరసకో ఫేజు ఇస్తే ఈ భ్రమ ఇంకా తగ్గుతుంది, ఒక ఫేజు పోయినా చీకటి కాదు. అయితే రెండు ఫేజుల తీగలు ఒకే పైపులో, ఒకే బాక్సులో వేయకండి. వాటి మధ్య 400 పైచిలుకు వోల్టులుంటాయి.

7. బిగింపు, వరసగా

ఈ పని లైసెన్సున్న వైర్‌మన్‌తో చేయించాలి. కింది వరస అతను దాటకుండా చూడటం మీ పని.

1. మెయిన్ ఆపండి. ఇన్వర్టర్, జనరేటర్ ఉంటే అవీ విడదీయండి. బోర్డుకు తాళం వేసి తాళంచెవి పైకెక్కినవాడి జేబులో పెట్టండి.
2. ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్ రెండూ మీటరుతో చూసి, సున్నా వచ్చాకే తీగ ముట్టుకోండి.
3. పాత ట్యూబులు పగలకుండా దించి, కొత్త లైట్ల డబ్బాల్లోనే పెట్టండి. వాటిలో పాదరసం ఉంటుంది. పగిలితే తలుపులు తెరిచి పావుగంట బయట ఉండండి. తర్వాత అట్టముక్కతో ఎత్తి, టేపుతో అద్ది మూటకట్టండి. చీపురు వాడకండి. మిగిలినవి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చోకులు మాత్రం పాత ఇనుము వాడికి, రాగి ధర అడిగి మరీ.
4. పర్లిన్లకు క్లాంపులు వేసి గొలుసులు దించండి. సిమెంటు రేకుకు చిల్లు వేయకండి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. పైగా వానకు కారుతుంది. ఆ రేకుల మీద కాలు పెట్టి ఎక్కడం అసలే వద్దు.
5. పైపులు, బాక్సులు, ఆ తర్వాత తీగలు. న్యూట్రల్ వరసకో సొంత తీగ. ఒక వరస న్యూట్రల్‌ను మరో వరసకు అరువివ్వకండి.
6. ప్రతి లైటుకూ ఎర్త్. బాడీ ప్లాస్టిక్ అయినా బాక్సు దాకా ఎర్త్ తీసుకురండి. రేపు పెట్టబోయేది ఇనుప బాడీ కావచ్చు.
7. కేబుల్ గ్లాండు బిగించండి, తీగను లైటు దగ్గర కాస్త కిందికి వేలాడేలా వంచండి. రేకు నుంచి కారిన నీరు తీగ వెంట లైటులోకి కాకుండా నేల మీదికి జారుతుంది.
8. ఒక్కో వరసే వేసి చూడండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడాలి.

బోర్డు మీద ఏ స్విచ్చు ఏ వరసదో తెలుగులోనూ ఒడియాలోనూ రాయించండి. రేపు వచ్చే మిస్త్రీకి తెలుగు రాకపోవచ్చు. కిటికీ పక్క వరసకు వేరే స్విచ్చు ఉంటే పగలు అది ఆపుకోవచ్చు.

8. అయ్యాక కొలత

రాత్రి పూట, లైట్లు వేసిన పావుగంటకు, నేలకు రెండున్నర అడుగుల ఎత్తులో లక్స్ మీటరు పెట్టి తొమ్మిది చోట్ల కొలవండి. కొత్త లైట్లకు సగటు 250 దాటాలి. 200 అన్నది దుమ్ము పట్టాక ఉండాల్సిన అంకె. అన్నిటికంటే తక్కువ వచ్చిన చోటు సగటులో సగం కన్నా తగ్గితే ఆ వరసను జరపండి. ఫోన్ యాప్ ఒక చోటుకీ ఇంకో చోటుకీ తేడా చూపడానికి పనికొస్తుంది. దాని అంకెను మాత్రం నమ్మకండి. మిషన్ల దగ్గర చేతి లైటు వేసి విడిగా కొలవాలి.

9. పోయినప్పుడు, తిక్క చేసినప్పుడు

ఆపినా మిణుకుమిణుకుమంటోంది: స్విచ్చు న్యూట్రల్‌లో ఉంది. ఫేజులోకి మార్చండి. స్విచ్చులో ఉండే చిన్న ఎర్ర ఇండికేటర్ వల్ల కూడా ఇలా అవుతుంది.

వెల్డింగ్ కొట్టినప్పుడల్లా మసకబారుతోంది: వెల్డింగూ లైట్లూ ఒకే ఫేజు, ఒకే తీగ మీద ఉన్నాయి. లైట్లకు మెయిన్ బోర్డు నుంచి వేరే లైను తీయాలి.

రెండు సెకన్లకోసారి వెలిగి ఆరుతోంది: వోల్టేజి కొలవండి. అది సరిగ్గా ఉంటే డ్రైవరు పోయింది.

లైటులో సగమే వెలుగుతోంది: లోపలి ఎల్‌ఈడీల ఒక వరస తెగింది. వారంటీకి పంపండి. అతుకు వేస్తే మిగతా ఎల్‌ఈడీల మీద భారం పెరుగుతుంది.

ఒక వరసలోవన్నీ ఒకేరోజు పోయాయి: కొత్తవి పెట్టకండి. ముందు రెండో మెట్టుకు వెళ్లి న్యూట్రల్ చూడండి.

ఒక్క చోటి లైటే పదేపదే పోతోంది: అది రేకుకు అంటుకుని ఉందేమో, కొలిమి ఆవిరి దాని మీదికే వెళ్తోందేమో, గ్లాండు వదులై నీరు దిగుతోందేమో చూడండి.

ఆర్నెల్లకే వెలుగు తగ్గింది: చాలాసార్లు దుమ్మే. మెయిన్ ఆపి, సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడవండి. థిన్నర్‌తో తుడిస్తే పాలికార్బొనేట్ మూత తెల్లబారి పగుళ్లిస్తుంది. వడ్రంగి షాపులో నెలకోసారి, లేత్ షాపులో మూడు నెలలకోసారి తుడవాలి. తుడిచే రోజునే బోర్డులో న్యూట్రల్ స్క్రూలు ఒక చుట్టు బిగించి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి.